గుంట భూమి భుజమెంత? వర్గాలు, వర్గమూలాలు మొదటి నుంచి

మా నల్లగొండ వైపు ఏ ఊళ్లో పిల్లాణ్ని అడిగినా గుంట అంటే 121 గజాలని చెప్తాడు. టీ కొట్టు దగ్గర, బస్సులో, పెళ్లి భోజనాల దగ్గర పెద్దవాళ్లు భూముల ముచ్చట పెట్టినప్పుడల్లా ఆ లెక్క చెవిన పడుతూనే ఉంటుంది. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. కానీ ఎనిమిదో తరగతిలో "ఆ 121 ఎక్కడిది? వంద అని పెట్టుకుంటే లెక్క తేలిక కదా, ఎందుకు పెట్టలేదు?" అని అడిగితే క్లాసంతా బోర్డు వైపు చూస్తూ కూర్చుంటుంది.

గుంట అంటే 11 గజాల పొడవు, 11 గజాల అడ్డం ఉన్న నలుచదరపు నేల. 11 × 11 = 121. అడుగుల్లో చూస్తే 33 × 33 = 1089 చదరపు అడుగులు. భూమి కొలిచే రెవెన్యూ గొలుసు పొడవు సరిగ్గా 33 అడుగులు. ఆ గొలుసును ఒకసారి పొడవుకు, ఒకసారి అడ్డానికి పరిస్తే వచ్చే చదరమే గుంట.

ఈ పాఠంలో ఉన్నవి రెండే ప్రశ్నలు. భుజం 11 అని తెలిస్తే నేల ఎంత? అది వర్గం. నేల 121 అని తెలిస్తే భుజం ఎంత? అది వర్గమూలం. 11² = 121, √121 = 11. చాలామంది పిల్లలు √ గుర్తు కనబడగానే టెన్షన్ పడి, ఏదో పద్ధతి గుర్తు తెచ్చుకోవాలని చూస్తారు. అదే లెక్కను "ఇంత నేల ఉంది, చదరంగా ఉంటే భుజం ఎంత?" అని అడిగితే ఆలోచించడం మొదలుపెడతారు. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టు దగ్గరా ఆ ప్రశ్నకే తిరిగి వస్తాను.

కావలసినవి: ఒక గళ్ల నోట్‌బుక్, పెన్సిల్, రెండు గుప్పిళ్ల చింతగింజలు. క్యాలిక్యులేటర్ చివర్లో సరిచూసుకోవడానికి మాత్రమే.

మొదటి మెట్టు: చింతగింజలతో చదరాలు పేర్చండి

ఒక గింజ పెట్టండి. అది 1 × 1 చదరం. దాని పక్కన ఒకటి, కింద ఒకటి, మూలలో ఒకటి, మొత్తం మూడు గింజలు చేరిస్తే 2 × 2 చదరం అవుతుంది. ఇప్పుడు రెండు వైపులా కొత్త వరస చుట్టండి. ఎన్ని గింజలు పట్టాయి? ఐదు. మళ్లీ చుట్టండి. ఏడు. ప్రతిసారీ కొత్తగా చేరే గింజలు రెండు గోడలు కలిసే మూలలాగా కనిపిస్తాయి.

1 = 1
1 + 3 = 4
1 + 3 + 5 = 9
1 + 3 + 5 + 7 = 16

వరసగా బేసి సంఖ్యలను కూడుతూ పోతే వర్గాలే వస్తాయి. ఎన్ని బేసి సంఖ్యలు కూడితే అదే భుజం. మొదటి పదకొండు బేసి సంఖ్యలను, అంటే 1 నుంచి 21 వరకు, కూడి చూడండి. 121 వస్తుంది, మన గుంట.

ఈ పని గింజలతో చేయకుండా ముందుకు వెళ్లొద్దు. పుస్తకంలో చదివి "అర్థమైంది" అనుకున్న పిల్లలకు, చేత్తో పేర్చిన పిల్లలకు మధ్య తేడా భాగహార పద్ధతి దగ్గర బయటపడుతుంది. అక్కడ మళ్లీ ఈ మూల ఆకారమే కావాలి.

దీంతో ఒక లాభం వెంటనే ఉంది. ఒక వర్గం తెలిస్తే దాని పక్క వర్గం గుణించకుండానే వస్తుంది. 30² = 900. కొత్తగా చేరే మూలలో 30 + 31 = 61 గింజలుంటాయి. కాబట్టి 31² = 961. అలాగే 32² = 961 + 31 + 32 = 1024.

దీన్నే తిప్పితే వర్గమూలం కనుక్కునే మొదటి పద్ధతి. 49 లోంచి 1, 3, 5, 7, 9, 11, 13 వరసగా తీసేస్తే సున్నా మిగులుతుంది. ఏడుసార్లు తీశాం, కాబట్టి √49 = 7. చిన్న సంఖ్యలకు ఇది బాగుంటుంది. పెద్ద సంఖ్యలకు పేజీ నిండిపోతుంది, వదిలేయండి.

రెండో మెట్టు: కొన్ని వర్గాలు నోటికి రావాలి

ఎక్కాలు ఎలా వచ్చాయో, 1 నుంచి 25 వరకు వర్గాలు అలా రావాలి. అర్థం తెలిశాక బట్టీ పట్టడంలో తప్పేమీ లేదు. ఇరవై వరకు చాలామందికి వస్తాయి. తడబడేవి ఇవి: 13² = 169, 14² = 196, 16² = 256, 17² = 289, 18² = 324, 19² = 361, 21² = 441, 22² = 484, 23² = 529, 24² = 576, 25² = 625. రోజుకు మూడు చొప్పున నాలుగు రోజుల పని.

అంతకంటే పెద్దవాటికి రెండు దారులున్నాయి.

చివర 5 ఉన్న సంఖ్య: 35² కావాలి. 3ను దాని తర్వాతి సంఖ్య 4తో గుణించండి, 12. వెనక 25 రాయండి. 1225. 85² అయితే 8 × 9 = 72, అంటే 7225. ఎందుకు ఇలా? 35 × 35 చదరంలో కింది 5 వరసల పట్టీని కోసి పక్కన నిలబెడితే 30 × 40 దీర్ఘచతురస్రం, 5 × 5 చిన్న ముక్క వస్తాయి. 1200 + 25. గళ్ల కాగితం మీద గీసి, కత్తెరతో కోసి చూడండి. ఒక్కసారి కోస్తే జీవితాంతం గుర్తుంటుంది.

మిగతా సంఖ్యలు: పదులను, ఒకట్లను విడదీయండి. 43 = 40 + 3. పెద్ద చదరం 40 × 40 = 1600. రెండు పట్టీలు, ఒక్కొక్కటి 40 × 3 = 120, రెండూ కలిపి 240. మూల ముక్క 3 × 3 = 9. మొత్తం 1849. ఇదే (a + b)² = a² + 2ab + b² సూత్రం. పెద్ద చదరం, రెండు పట్టీలు, మూల ముక్క: ఈ మూడింటి బొమ్మ నోట్‌బుక్‌లో ఒక పేజీ మొత్తం పెద్దగా గీసి పెట్టుకోండి, ముందు ముందు పని ఉంది. 48 లాంటివి 50కి దగ్గర కాబట్టి 50 − 2 అనుకుంటే తేలిక: 2500 − 200 + 4 = 2304.

మూడో మెట్టు: చూడగానే వర్గం కాదని చెప్పడం

సున్నా నుంచి తొమ్మిది దాకా వర్గాల ఒకట్ల స్థానం చూడండి: 0, 1, 4, 9, 6, 5, 6, 9, 4, 1. 2, 3, 7, 8 ఎక్కడా లేవు. కాబట్టి చివర 2, 3, 7, 8 ఉన్న సంఖ్య ఏదైనా, ఎంత పెద్దదైనా, పరిపూర్ణ వర్గం (ఒక పూర్ణ సంఖ్యకు వర్గం) కాదు. చివర సున్నాలుంటే అవి జతలుగా ఉండాలి. 400 వర్గమే, 4000 కాదు.

ఇంకో పరీక్ష అంకెల మొత్తం. అంకెలన్నీ కూడుతూ ఒకే అంకె వచ్చేదాకా వెళ్తే వర్గాలకు 1, 4, 7, 9 మాత్రమే వస్తాయి. 1236 చివర 6 ఉంది, మొదటి పరీక్ష దాటింది. 1 + 2 + 3 + 6 = 12, 1 + 2 = 3. వర్గం కాదు.

ఇక్కడ పిల్లలు తరచూ తప్పు చేస్తారు. ఈ పరీక్షలు "కాదు" అని మాత్రమే చెప్పగలవు, "అవును" అని చెప్పలేవు. 1384 చూడండి. చివర 4. అంకెల మొత్తం 16, అంటే 7. రెండు పరీక్షలూ దాటింది. కానీ 37² = 1369, 38² = 1444. 1384 ఆ రెండింటి మధ్యలో ఉంది, వర్గం కాదు.

నాలుగో మెట్టు: ముందు అంచనా, తర్వాత లెక్క

ఏ పద్ధతి మొదలుపెట్టకముందే జవాబు ఏ రెండు సంఖ్యల మధ్య ఉందో పక్కన రాయండి. నా క్లాసులో ఈ ఒక్క అలవాటుతో తప్పులు బాగా తగ్గాయి. √1089 అడిగితే 30² = 900, 40² = 1600, కాబట్టి జవాబు 30కీ 40కీ మధ్య. చివర 9 ఉంది కాబట్టి భుజం చివర 3 గానీ 7 గానీ ఉండాలి. 33 లేదా 37. మధ్యలో ఉన్న 35² = 1225 మనకు తెలుసు. 1089 అంతకంటే చిన్నది. కాబట్టి 33. నోటితోనే అయిపోయింది.

5476 ప్రయత్నించండి. 70² = 4900, 80² = 6400. చివర 6, అంటే 4 లేదా 6. 74 లేదా 76. 75² = 5625. మన సంఖ్య దానికంటే తక్కువ. జవాబు 74. సంఖ్య పరిపూర్ణ వర్గమని ముందే తెలిస్తే నాలుగంకెల వర్గమూలాలన్నీ ఇలాగే వస్తాయి. లేకపోతే 74 × 74 చేసి సరిచూడాలి, 1384 దగ్గర చూశాం కదా.

ఐదో మెట్టు: ప్రధాన కారణాంకాలు, ఎకరం కథ

వర్గమంటే ఒకే సంఖ్యను రెండుసార్లు గుణించినది. కాబట్టి దాన్ని ప్రధాన కారణాంకాలుగా (ఇంకా విడగొట్టలేని 2, 3, 5, 7 లాంటి సంఖ్యలుగా) విడగొడితే ప్రతి కారణాంకానికీ జోడీ ఉండాలి.

7056 = 2 × 2 × 2 × 2 × 3 × 3 × 7 × 7

జోడీలు: (2, 2), (2, 2), (3, 3), (7, 7). ఒక్కో జోడీ నుంచి ఒక్కటి తీసుకుంటే 2 × 2 × 3 × 7 = 84. √7056 = 84.

ఇప్పుడు ఎకరం. 40 గుంటలు, గుంటకు 121, మొత్తం 4840 చదరపు గజాలు. ఇది పరిపూర్ణ వర్గమా?

4840 = 2 × 2 × 2 × 5 × 11 × 11

ఒక 2కు జోడీ లేదు. 5కూ లేదు. గుంట చదరమే, కానీ 40 వర్గ సంఖ్య కాదు కాబట్టి ఎకరం భుజం పూర్ణ గజాల్లో రాదు. ఇక్కడే పరీక్షల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న: 4840ని ఏ కనిష్ఠ సంఖ్యతో గుణిస్తే పరిపూర్ణ వర్గం అవుతుంది? జోడీ లేనివి 2, 5. కాబట్టి 10తో. 48400 = 220². అంటే పది ఎకరాల చదరపు చేనుకు ఒక్కో వైపు సరిగ్గా 220 గజాలు. ఏ కనిష్ఠ సంఖ్యతో భాగించాలి? అదీ పదే. 484 = 22². అంటే ఎకరంలో పదో వంతు, నాలుగు గుంటలు, 22 గజాల చదరం.

ఆ చివరి మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. గుంట భుజం 11 గజాలు. భుజాన్ని రెట్టింపు చేసి 22 చేస్తే నేల రెండు గుంటలు కాలేదు, నాలుగైంది. "66 అడుగులకు 66 అడుగుల జాగా, రెండు గుంటలు" అని పెద్దవాళ్లు కూడా అనడం నేను విన్నాను. భుజం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. కాగితం మీద నాలుగు చదరాలు గీసి చూపిస్తే ఎవరైనా ఒప్పుకుంటారు.

పది ఎకరాల లెక్క వచ్చింది కాబట్టి మన జిల్లా బత్తాయి తోటను చూద్దాం. చెట్టుకు చెట్టుకు, వరసకు వరసకు 20 అడుగుల ఎడం పెట్టారనుకోండి. ఒక్కో చెట్టుకు 20 × 20 = 400 చదరపు అడుగులు. ఎకరం 43,560 చదరపు అడుగులు. 400తో భాగిస్తే 108.9. రైతులు ఎకరానికి 108 మొక్కలు అని చెప్పే లెక్క ఇదే. పది ఎకరాల చదరపు తోటకు 1089 మొక్కలు, అంటే 33 వరసలు, వరసకు 33. గుంటలో చదరపు అడుగులు కూడా 1089 అని చదివారు కదా. రెండుచోట్లా అదే సంఖ్య ఎందుకు వచ్చింది? పది ఎకరాలంటే 400 గుంటలు, చెట్టుకు 400 చదరపు అడుగులు. ఆ రెండు 400లు కొట్టేసుకుపోతే మిగిలేది 1089. నాకు ఈ లెక్క అంటే ఎంతో ఇష్టం.

ఆరో మెట్టు: భాగహార పద్ధతి

నేను చదువుకునే రోజుల్లో ఈ పద్ధతిని మాకు అర్థం చెప్పకుండా నేర్పారు. "జంటలు చేయి, తీసేయి, రెట్టింపు చేయి, పక్కన అంకె పెట్టు." రెట్టింపు ఎందుకు చేయాలని అడిగితే "అది అంతే" అన్నారు. పరీక్ష రాశాను, వేసవి సెలవుల్లో మర్చిపోయాను. ఏళ్ల తర్వాత నేనే బోర్డు ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు, చదరం బొమ్మ గీసుకున్నాక గానీ ఆ రెట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు. మీకు ఆ ఆలస్యం అక్కర్లేదు.

7396 చదరపు అడుగుల నలుచదరపు జాగా ఉంది. భుజం కావాలి. 80² = 6400, 90² = 8100. కాబట్టి భుజం 80 పైచిలుకు. ముందు 80 × 80 పెద్ద చదరం తీసేయండి.

7396 − 6400 = 996

మిగిలిన 996 ఏ ఆకారంలో ఉంది? చింతగింజల మూల ఆకారంలో. రెండు పట్టీలు, ఒక మూల ముక్క. పట్టీ పొడవు 80, వెడల్పు మనకు తెలియదు. పట్టీలు రెండు కాబట్టి పొడవు 80 + 80 = 160. అదే రెట్టింపు! దాని చివర మూల ముక్కను కూడా అతికిస్తే మొత్తం ఒకే పొడవాటి పట్టీ అవుతుంది. ఆ మూల ముక్క పొడవు కూడా మనకు తెలియని ఆ వెడల్పే. కాబట్టి 160కి ఏ అంకె కలిపి, అదే అంకెతో గుణిస్తే 996 వస్తుంది?

165 × 5 = 825, చాలదు.
166 × 6 = 996, సరిపోయింది.

భుజం 86 అడుగులు. "16 పక్కన 6 పెట్టి 6తో గుణించు" అని పుస్తకంలో చెప్పేది ఇదే.

ఇప్పుడు పద్ధతి ప్రకారం పెద్ద సంఖ్య చేద్దాం. 55225.

కుడి నుంచి రెండేసి అంకెల మీద బార్ గీత గీయండి: 5 | 52 | 25. మూడు గుంపులు, కాబట్టి జవాబులో మూడు అంకెలు. రెండేసి ఎందుకంటే భుజం పదింతలైతే వర్గం వందింతలు అవుతుంది, అంటే రెండు స్థానాలు పెరుగుతాయి.

మొదటి గుంపు 5. దానిలో పట్టే పెద్ద వర్గం 4, భుజం 2. శేషం 1.
తర్వాతి గుంపు దించితే 152. ఇప్పటిదాకా వచ్చిన 2ను రెట్టింపు చేస్తే 4. దాని పక్కన ఒక అంకె: 43 × 3 = 129 పడుతుంది, 44 × 4 = 176 ఎక్కువైంది. కాబట్టి 3. శేషం 23.
చివరి గుంపు దించితే 2325. వచ్చిన 23ను రెట్టింపు చేస్తే 46. 465 × 5 = 2325. శేషం సున్నా.

√55225 = 235.

రెట్టింపు చేయాల్సింది జవాబు వరసలో అప్పటిదాకా వచ్చిన మొత్తం సంఖ్యను, చివరి అంకెను కాదు. ఇక్కడ 23ను రెట్టింపు చేశాం, 3ను కాదు. నేను దిద్దిన పేపర్లలో ఎక్కువగా కనిపించిన తప్పు ఇదే.

ఒక్కో స్థానం చొప్పున వర్గమూలం తీసే పద్ధతిని ఆర్యభటుడు 499 నాటికే శ్లోకంలో చెప్పాడు. √ గుర్తు అచ్చులో మొదట కనిపించింది 1525లో, క్రిస్టాఫ్ రుడాల్ఫ్ అనే జర్మన్ గణితజ్ఞుడి పుస్తకంలో. గుర్తు పుట్టడానికి వెయ్యేళ్ల ముందే మనవాళ్లు భుజం అడగడం, కనుక్కోవడం నేర్చుకున్నారు. గుర్తును చూసి భయపడే పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్తాను.

ఏడో మెట్టు: ఎకరం భుజం

పరిపూర్ణ వర్గం కాని సంఖ్యకు లెక్క ఆగదు, దశాంశాల్లోకి వెళ్తుంది. ఎకరం 43,560 చదరపు అడుగులు. చదరంగా ఉంటే ఒక్కో వైపు ఎన్ని అడుగులు?

4 | 35 | 60 . 00 | 00

మొదటి గుంపు 4, భుజం 2, శేషం 0.
35 దించాం. 2 రెట్టింపు 4. పక్కన 1 పెట్టినా 41 × 1 = 41, 35 కంటే ఎక్కువ. అందుకే ఇక్కడ 0 రాయాలి. ఈ సున్నాను మరిచిపోతే 208 రావాల్సింది 28 అవుతుంది. అంచనా ముందే రాసుకున్నవాళ్లకు (200² = 40,000) ఆ తప్పు వెంటనే తెలిసిపోతుంది.
60 దించితే 3560. 20 రెట్టింపు 40. 408 × 8 = 3264. శేషం 296.
ఇక్కడ జవాబులో దశాంశ బిందువు పెట్టి 00 దించండి: 29600. 208 రెట్టింపు 416. 4167 × 7 = 29169. శేషం 431.
మళ్లీ 00: 43100. 2087 రెట్టింపు 4174. 41741 × 1 = 41741.

జవాబు సుమారు 208.71 అడుగులు. ఎకరం చదరానికి ఒక్కో వైపు 208 అడుగుల 8 అంగుళాల పైచిలుకు.

దశాంశ సంఖ్యకు వర్గమూలం తీసేటప్పుడు బిందువుకు ఎడమ వైపు కుడి నుంచి ఎడమకు, కుడి వైపు ఎడమ నుంచి కుడికి జంటలు చేయాలి. కుడి వైపు ఒంటరి అంకె మిగిలితే సున్నా చేర్చాలి. అందుకే √0.9 అంటే √0.90, సుమారు 0.95. చాలామంది 0.3 అని రాస్తారు. 0.3 × 0.3 = 0.09 అని సరిచూసుకుంటే సరిపోతుంది.

అంత ఓపిక లేనప్పుడు దగ్గరి దారి ఒకటుంది. ఎకరాన్ని గజాల్లో తీసుకుందాం, 4840. దాని కింద ఉన్న వర్గం 69² = 4761. మిగిలింది 79. రెండు పట్టీల పొడవు 69 + 69 = 138. మూల ముక్కను వదిలేస్తే పట్టీ వెడల్పు 79 ÷ 138, దాదాపు 0.57. కాబట్టి √4840 ≈ 69.57 గజాలు. మూడుతో గుణిస్తే 208.71 అడుగులు, పైన వచ్చిందే. పెషావర్ దగ్గర బక్షాలీ అనే ఊళ్లో 1881లో దొరికిన పాత రాతప్రతిలో ఈ దారి, దానికి చిన్న సవరణతో సహా ఉంది.

200 గజాల ప్లాటు చదరంగా ఉంటే? 14² = 196, మిగిలింది 4, 4 ÷ 28 = 0.14. భుజం 14.14 గజాలు, అంటే 42 అడుగుల 5 అంగుళాలు. మామూలుగా ఆ ప్లాటు 36 × 50 అడుగులుగానో 30 × 60గానో ఉంటుంది. రెండూ 1800 చదరపు అడుగులే. వర్గమూలం చదరపు జాగాకు మాత్రమే భుజాన్ని చెప్తుందని గుర్తుంచుకోండి.

మేస్త్రీ దగ్గర నేర్చుకోవాల్సింది

పాలమూరు జిల్లా మేస్త్రీలు, కూలీలు ఎన్నో నగరాల్లో కట్టడాలు కట్టారు. ఎవరైనా ఇల్లు మొదలుపెడుతుంటే వెళ్లి చూడండి. పునాది గీసేటప్పుడు మూలమట్టం చూడటానికి మేస్త్రీ ఒక వైపు తాడు మీద 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు వచ్చిందో లేదో కొలుస్తాడు. వస్తే మూల సరిగ్గా లంబకోణం. 3² + 4² = 9 + 16 = 25 = 5². పెద్ద పునాదికి 6, 8, 10 తీసుకుంటే ఇంకా కచ్చితం.

ఇలాంటి మూడేసి సంఖ్యలు మీరే తయారు చేసుకోవచ్చు. 1 కంటే పెద్ద సంఖ్య m ఏదైనా తీసుకోండి. 2m, m² − 1, m² + 1. m = 4 అయితే 8, 15, 17. m = 5 అయితే 10, 24, 26. వర్గం చేసి కూడి చూడండి.

ఇక్కడ ఒక తప్పు గట్టిగా పట్టుకుంటుంది. √(9 + 16) ను √9 + √16 చేసి 7 అని రాస్తారు. మూల నుంచి మూలకు తాడు లాగితే 5 అడుగులే వస్తుంది. రెండు గోడల వెంట నడిస్తే 7, అడ్డంగా నడిస్తే 5. కూడికను √ లోపల విడదీయకూడదు. గుణకారాన్ని విడదీయొచ్చు: √(9 × 16) = 3 × 4 = 12.

గుంట చదరానికి ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఎంత దూరమో ఇప్పుడు మీరే చేయగలరు. 33² + 33² = 2178. 46² = 2116, మిగిలింది 62, 62 ÷ 92 = 0.67. సుమారు 46.67 అడుగులు. నాలుగు వైపులూ 33 ఉన్నా ఈ కర్ణాలు రెండూ సమానంగా లేకపోతే ఆ జాగా చదరం కాదు, నేల కూడా గుంట కంటే తక్కువే.

చిన్న సంగతి ఒకటి. (−5) × (−5) కూడా 25 కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. నిజమే. x² = 25 అంటే x విలువ 5 గానీ −5 గానీ కావచ్చు. √25 అని రాస్తే మాత్రం ధన సంఖ్య 5 అనే అర్థం.

ఇంట్లో చేయాల్సిన లెక్కలు

1. 65², 38² నోటితో చెప్పండి.
2. √2025 ప్రధాన కారణాంకాలతో, √42436 భాగహారంతో. రెండో దాంట్లో సున్నా జాగ్రత్త.
3. 180ని ఏ కనిష్ఠ సంఖ్యతో గుణిస్తే పరిపూర్ణ వర్గం అవుతుంది?
4. 43560 లోంచి ఎంత తీస్తే, ఎంత కలిపితే పరిపూర్ణ వర్గం వస్తుంది?
5. ఒక చదరపు చేను 3 ఎకరాల 24 గుంటలు. భుజం ఎన్ని గజాలు?

ఐదో లెక్కలో అన్నీ గజాల్లోకి మార్చి పెద్ద సంఖ్య చేసుకోకండి. 3 ఎకరాలు 120 గుంటలు, ఇంకో 24, మొత్తం 144 గుంటలు. గుంట భుజం 11, 144 భుజం 12. కాబట్టి 12 × 11 = 132 గజాలు.

మిగతా జవాబులు: 4225, 1444; 45, 206; 5; తీయాల్సింది 296 (208²), కలపాల్సింది 121 (209² = 43681).

ఇవన్నీ వచ్చాక ఇంట్లో అమ్మనో నాన్ననో పట్టాదారు పాస్‌బుక్ అడిగి చూడండి. లేకపోతే తెలిసినవాళ్లది చూడండి. విస్తీర్ణం 2.15 అని ఉంటే అది దశాంశం కాదు, రెండెకరాల 15 గుంటలు, అంటే 95 గుంటలు. √95 సుమారు 9.75, దాన్ని 11తో గుణిస్తే 107 గజాల పైన. ఆ చేను చదరంగా ఉండి ఉంటే ఒక్కో గట్టు 107 గజాలు ఉండేది. తర్వాత చేను దగ్గరికి వెళ్లి, గట్టు వెంట అడుగులు లెక్కపెడుతూ నడిచి, అసలు గట్టు అంతకంటే ఎక్కువుందో తక్కువుందో చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి.